మీకు తెలుసా? లాగి చూస్తే తెరుచుకునే తాళం!

మా అమ్మకో అలవాటుంది. ఊరికి బయల్దేరేటప్పుడు వీధి తలుపుకు తాళం వేసి, కప్ప పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగుతుంది. నాలుగడుగులు వేశాక మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి లాగుతుంది. గోదావరి జిల్లాల్లో ఏ ఇంట చూసినా ఇదే వరస. తమ్ముడు కారు కొన్న కొత్తలో అందరం రాజమండ్రి కోటిలింగాల రేవుకు వెళ్లాం. తమ్ముడు కారు ఆపి, తలుపు పిడి మీద వేలు ఆనించి తాళం వేశాడు. అమ్మ ఊరుకుంటుందా? వెళ్లి పిడి పట్టుకుని లాగింది. తలుపు ఠక్కున తెరుచుకుంది. 'ఇదేం తాళంరా, లక్షలు పోసి కొన్నావు, లాగితే వచ్చేస్తోంది!' అంది. వాడు మళ్లీ వేశాడు. అమ్మ మళ్లీ లాగింది. మళ్లీ తెరుచుకుంది.

కారు బాగానే ఉంది. దాని తాళం, అంటే స్మార్ట్ కీ, తమ్ముడి జేబులో ఉంది, తమ్ముడు అమ్మ పక్కనే ఉన్నాడు. తాళం దగ్గరలో ఉంటే పిడి మీద పడ్డ చెయ్యి ఎవరిదైనా కారుకు ఒకటే.

లోపల జరిగేది ఇదీ. తలుపు పిడిలో, డ్యాష్‌బోర్డు కింద, డిక్కీ దగ్గర రాగి తీగ చుట్టలు అమర్చి ఉంటాయి. పిడి మీద చెయ్యి పడగానే ఆ చుట్టలోంచి ఒక పిలుపు వెళ్తుంది. సెకనుకు సుమారు 1,25,000 సార్లు ఊగే అయస్కాంత క్షేత్రం అది. దీన్నే ఎంచుకోవడానికి కారణం, ఇది ఎక్కువ దూరం పోలేదు. దూరం రెట్టింపైతే బలం 8వ వంతుకు పడిపోతుంది. అందుకే మీటరు, మీటరున్నర దాటితే ఆ పిలుపు తాళానికి వినపడదు. వినపడితే మాత్రం జేబులో నిద్రపోతున్న స్మార్ట్ కీ లేచి, రేడియో తరంగం మీద జవాబిస్తుంది. మన దేశంలో ఎక్కువ కార్లకు ఆ తరంగం 433.92 మెగాహెర్ట్జ్. అమెరికాలో, జపాన్‌లో ఎక్కువగా 315. ఇదంతా మనం రెప్ప వేసేలోపు అయిపోతుంది.

జవాబు కూడా 'నేనే' అని ఊరికే అంటే చెల్లదు. చీకటి పడ్డాక తలుపు తడితే మన పెద్దవాళ్లు 'ఎవరూ?' అని అడిగేవారు. 'నేనే' అని ఎవడైనా అంటాడు. అనుమానమొస్తే 'మీ నాయనమ్మ పేరేంటి?' అని ఇంటివాడికి మాత్రమే తెలిసిన సంగతి అడిగేవారు. కారు చేసేదీ అదే. ప్రతిసారీ కొత్త అంకె ఒకటి పంపుతుంది. తాళం తన కడుపులో ఉన్న రహస్య సంఖ్యతో దాన్ని కలిపి, లెక్క కట్టి, ఫలితం మాత్రం పంపుతుంది. రహస్యం ఎప్పుడూ గాలిలోకి రాదు. కారు తన దగ్గరున్న అదే రహస్యంతో అదే లెక్క కట్టి సరిచూసుకుంటుంది.

మరి అమ్మ లాగి చూడటం మానేయాలా? అక్కర్లేదు. పిడి మీద చిన్న నల్ల బటన్ ఉన్న కార్లలో బటన్ జోలికి పోకుండా పిడి మాత్రం లాగి చూడొచ్చు, తెరుచుకోదు. వేలు తగిలితే తెరుచుకునే కార్లయితే, తాళం ఉన్న మనిషి నాలుగైదు అంగలు దూరం జరగాలి, వేరేవాళ్లు లాగి చూడాలి. ఇప్పుడు మా ఇంట్లో అదే పద్ధతి. తమ్ముడు తాళంతో చెట్టు కింద నిలబడతాడు, అమ్మ నాలుగు తలుపులూ లాగి చూసుకుంటుంది.

తాళం ఒడ్డున, కారు ఏట్లో

ఇంజిన్ తిరుగుతుండగా తాళం కారులోంచి బయటికి వెళ్లిపోతే ఏమవుతుంది? ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ఈ సంగతి మేం నరసాపురం రేవులో నేర్చుకున్నాం.

అంతర్వేది వెళ్దామని బయల్దేరాం. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటాలి. అక్క, పిల్లలు ముందే దిగి రేవు మెట్ల దగ్గర నిలబడ్డారు. బావ కారును బల్లల మీదుగా పంటు ఎక్కించి, ఓ వారగా ఆపి, ఇంజిన్ కట్టేశాడు. ఎక్కిస్తుండగా డ్యాష్‌బోర్డు కీచుకీచుమంది, తెర మీద ఏదో అక్షరాలు వచ్చాయి. బల్లల మీద చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకునే తొందరలో వాటిని ఎవరు చదువుతారు? ఈలోగా జనం నిండిపోయి అక్కావాళ్లు వెనకబడ్డారు. తర్వాతి పంటుకు వస్తాంలెమ్మని చెయ్యి ఊపారు. అక్క భుజాన హ్యాండ్‌బ్యాగు, ఆ బ్యాగులో కారు తాళం.

సఖినేటిపల్లి ఒడ్డుకు చేరాక బావ క్లచ్ తొక్కి బటన్ నొక్కాడు. తాళం కనబడటం లేదని తెర మీద వచ్చింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. పంటు కుర్రాడు వచ్చి 'బండి తియ్యండి మరి, ఏంటండీ ఆలోచిస్తన్నారు?' అన్నాడు. సంగతి విన్నాక 'ఆయ్, తాళం ఆ ఒడ్డునుండిపోయిందాండీ? గాభరా పడకండి, అట్టా ఉంచేయండి' అని వెనకున్న బళ్లను పక్కనుంచి దింపించాడు. కారు, కారుతో పాటు బావ, వచ్చిన దారినే నరసాపురం తిరిగి వెళ్లి అక్కను ఎక్కించుకుని వచ్చారు.

తాళం బయటికి వెళ్లినా ఇంజిన్ ఆగకుండా కంపెనీలు కావాలనే తయారుచేస్తాయి. తాళంలో బ్యాటరీ అయిపోవచ్చు, రేడియో సంకేతం ఒక క్షణం తప్పిపోవచ్చు. రావులపాలెం వంతెన మీద లారీల మధ్య పోతుండగా ఆ కారణంగా ఇంజిన్ ఆగిపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే కారు హెచ్చరిస్తుంది తప్ప ఆగదు. ఒకసారి ఆపేశాక మాత్రం తాళం లేనిదే కదలదు. పంటు ఎక్కేటప్పుడు, పెట్రోలు బంకు దగ్గర, దారిలో డ్రైవరు మారినప్పుడు ఒక్క మాట అడగండి: తాళం ఎవరి దగ్గరుంది?

సంక్రాంతి బరిలో మొరాయించిన రిమోట్

ఇది బటన్ నొక్కే మామూలు రిమోట్ సంగతి. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల, కోనసీమలో కోడిపందేల బరుల పక్కన పొలాల్లో కార్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ రిమోట్ నొక్కితే ఒక్కోసారి కారు పలకదు. రిమోట్లన్నీ దాదాపు ఒకే తరంగం మీద మాట్లాడతాయి, అదీ చాలా సన్నటి గొంతుతో. పక్కన ఏదో పరికరం అదే తరంగం మీద గట్టిగా అరుస్తుంటే మన రిమోట్ మాట కారుకు వినపడదు. ఎక్కువసార్లు ఇది యాదృచ్ఛికమే. కానీ దొంగలు కావాలని కూడా ఇలా అడ్డం పడొచ్చు. మీరు నడుస్తూ, వెనక్కి చూడకుండా, భుజం మీదుగా బటన్ నొక్కి వెళ్లిపోతారు. కారుకు తాళం పడదు. అందుకని ఇండికేటర్లు వెలిగాయా, అద్దాలు ముడుచుకున్నాయా, లోపల గడియ పడ్డ చప్పుడు వినిపించిందా, చూసుకుని కదలండి.

మీరు పంపిన సంకేతాన్ని ఒకడు దొంగచాటుగా పట్టుకుని రేపు మళ్లీ వాడితే? తొలినాళ్ల రిమోట్లతో అది సాధ్యమే, వాటిలో ఎప్పుడూ ఒకటే సంకేతం. 1982లో ఫ్రాన్స్‌లో రెనో ఫ్యూగో కారుతో రిమోట్ తాళం జనంలోకి వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు దక్షిణాఫ్రికాలోని నానోటెక్ సంస్థలో 'కీలాక్' అనే పద్ధతి పుట్టింది. నొక్కిన ప్రతిసారీ సంకేతం మారిపోతుంది, వాడిన సంకేతం మళ్లీ చెల్లదు. ఒకే వరస అంకెలు వేసిన రెండు చీటీల పుస్తకాలు ఊహించుకోండి. ఒకటి రిమోట్‌లో, ఒకటి కారులో. చింపిన చీటీని కారు మళ్లీ తీసుకోదు. మరి పిల్లాడు ఇంట్లో కూర్చుని పదిసార్లు ఊరికే నొక్కితే? పది చీటీలు చిరిగిపోయినా, ముందున్న 16 చీటీల్లో ఏది వచ్చినా కారు ఒప్పుకుంటుంది. అంతకంటే ఎక్కువ చిరిగితే వెంటవెంటనే రెండు చీటీలు వరసగా చూపించమంటుంది. ఒక్కోసారి రెండుసార్లు నొక్కితేగానీ తెరుచుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

అమెరికా సంస్థ మైక్రోచిప్ 1995లో ఈ పద్ధతిని కొనుక్కుంది. 2007, 2008 సంవత్సరాల్లో పరిశోధకులు దాని గుట్టు విప్పేశారు. ఆ తర్వాత వచ్చిన తాళాలు ఇంకా గట్టి లెక్కలు వాడుతున్నాయి. 2015లో శామీ కామ్‌కర్ అనే పరిశోధకుడు సుమారు 30 డాలర్ల సామానుతో చేసిన పరికరం ఇంకో మార్గం చూపించింది. అది మొదటి సంకేతాన్ని అడ్డుకుని దాచుకుంటుంది. తెరుచుకోలేదని మీరు రెండోసారి నొక్కుతారు. అప్పుడు రెండోదాన్ని దాచుకుని మొదటిదాన్ని కారుకు వదులుతుంది. మీ కారు తెరుచుకుంటుంది, వాడని చీటీ ఒకటి దొంగ జేబులో మిగులుతుంది.

ఇంకో చిన్న సంగతి. దూరాన్నుంచి రిమోట్ అందకపోతే దాన్ని గడ్డం కింద ఆనించి నొక్కండి. మరికొంత దూరం పోతుంది. మన తలలోని నీరు రేడియో తరంగంతో కలిసి ఊగి, అదనపు యాంటెన్నాలా పనిచేస్తుంది. నీళ్లు నిండిన పెద్ద సీసాకు ఆనించినా అంతే.

పోపుల డబ్బాలో కారు తాళం

స్మార్ట్ కీ లెక్కలు ఎంత గట్టివైనా ఒక లోపం ఉంది. ఇందాకటి పోలికకే వద్దాం. ఇంట్లో మామ్మ ఉంది. వీధి తలుపు దగ్గర దొంగ నిలబడి, చేతిలో ఫోను స్పీకరు పెట్టి పట్టుకున్నాడు. అవతల రెండో దొంగ ఆమె అసలు మనవడి పక్కన ఫోను పట్టుకున్నాడు. మామ్మ లోపల్నుంచి ప్రశ్న అడిగింది. ప్రశ్న ఫోనులో మనవడికి వినిపించింది, అతనే నిజమైన జవాబు చెప్పాడు. గొంతూ నిజమే, జవాబూ నిజమే. మామ్మ తలుపు తీసింది, లోపలికి వచ్చింది దొంగ.

కారు విషయంలో దీన్ని రిలే దొంగతనం అంటారు. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు మీ వరండా గోడ దగ్గర. కారు పిలుపును పెద్దది చేసి మీ గోడ దాకా తెస్తారు. లోపల మేకుకు వేలాడుతున్న తాళం, కారు పక్కనే ఉందనుకుని జవాబిస్తుంది. 2011లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ఇటిహెచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఈ ప్రయోగం చేసి చూపించారు. పదీ తెరుచుకున్నాయి, పదీ స్టార్టయ్యాయి.

మన ఇళ్ల కట్టుబడి చూస్తే నాకు దిగులేస్తుంది. గ్రిల్లు వరండా, దాని వెంటనే హాలు, హాల్లో గుమ్మం పక్కన తాళాల మేకు. గుమ్మం ఎదురుగా అరుగు ముందు కారు. తాళానికీ కారుకూ మధ్య ఒక్క గోడ. అందుకే ముందు ఆ మేకు మార్చండి. తాళం ఇంటి లోపలి గదిలో ఉండాలి. ఇంకా గట్టి ఏర్పాటు కావాలంటే వంటింట్లోనే ఉంది. మైకేల్ ఫారడే 1836లో చూపించినట్టు, చుట్టూ లోహం మూసి ఉంటే విద్యుత్ ప్రభావం లోపలికి చొరబడదు. బిగుతుగా మూత పట్టే స్టీలు డబ్బా తాళానికి అలాంటి గదే అవుతుంది. మూత వదులైతే పనికిరాదు. మేం మూడు డబ్బాలు పరీక్షించాం. తాళాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించి, డబ్బాను కారు తలుపుకు ఆనించి పిడి పట్టుకోవడమే పరీక్ష. గాజు మూత ఉన్న పోపుల డబ్బా తప్పింది, గాజులోంచి తరంగం హాయిగా పోతుంది. మూత వదులైన బిస్కెట్ల డబ్బా కూడా తప్పింది. అమ్మ కారప్పూస పోసే పాత స్టీలు డబ్బా నెగ్గింది. ఇప్పుడు దాన్ని తాళానికే కేటాయించాం. మీ రెండో తాళాన్ని కూడా అలాంటి డబ్బాలోనే పెట్టండి, దాన్ని చాలామంది మరిచిపోతారు.

కంపెనీలూ ఊరికే లేవు. 2019లో ఫోర్డ్ బ్రిటన్‌లో అమ్మిన ఫియస్టా, ఫోకస్ కార్ల తాళాలకు కదలికను పసిగట్టే చిప్ పెట్టింది. 40 సెకన్లు కదలకుండా ఉంటే తాళం నిద్రపోతుంది, ఎవరు పిలిచినా పలకదు. ఇంకా కొత్తవి అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళాలు. ఇవి జవాబు రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తాయి. రేడియో తరంగం సెకనులో వంద కోట్లవ వంతులో 30 సెంటీమీటర్లు పోతుంది. దొంగలు మధ్యలో మోసుకొచ్చిన సంకేతం ఆ కాస్త ఆలస్యంతోనే దొరికిపోతుంది.

తాళం లేకుండానే తాళం

2021 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక నక్షత్ర హోటల్ పార్కింగ్ నుంచి ఖరీదైన కారు మాయమైంది. ఆ కేసులో మరుసటి ఏడాది రాజస్థాన్‌కు చెందిన అంతర్రాష్ట్ర దొంగ పట్టుబడ్డాడు. విదేశీ పరికరంతో కార్లకు కొత్త తాళాలు తయారుచేసుకునేవాడని పోలీసులు చెప్పారు. స్టీరింగు కింద మెకానిక్కులు కంప్యూటరు తగిలించే సాకెట్ ఒకటి ఉంటుంది. కారు లోపలికి చేరినవాడు దానికి పరికరం తగిలించి, 'ఇది కూడా నీ తాళమే' అని కారుకు నేర్పించగలడు. సర్వీసు సెంటర్లో కొత్త తాళం చేయించుకునేటప్పుడు జరిగేదీ అదే పని, చేసే చెయ్యి వేరు. దీనికి ఇప్పటికీ నమ్మకమైన అడ్డు, స్టీరింగుకు బిగించే ఇనుప రాడ్డు తాళం. అమ్మ దాన్ని హాయిగా లాగి చూసుకోవచ్చు!

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఒక గట్టి మాట. రెండు తాళాలూ చేతికి వచ్చేదాకా డబ్బు పూర్తిగా ఇవ్వకండి. తర్వాత కంపెనీ సర్వీసుకు తీసుకెళ్లి ఈ కారుకు ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చూడమనండి. మీ చేతిలో రెండుండి, కారు మూడు చెబితే మూడోది చెరిపించండి. కారు పోతే బీమా సంస్థ కూడా ముందు అడిగేది అసలు తాళాలన్నీ తెమ్మనే. అందుకే ఒకటి పోగొట్టుకున్న రోజే ఫిర్యాదు ఇచ్చి, కాగితం దాచుకుని, ఆ తాళాన్ని కారు జ్ఞాపకంలోంచి తీయించండి.

తాళం తిప్పే పాత కారు భద్రమైనదనీ, బటన్ కారు ప్రమాదమనీ అనుకునేవాళ్లకు ఇంకొకటి. అమెరికాలో 2021 నుంచి హ్యుందాయ్, కియా కార్లు వేల సంఖ్యలో దొంగల పాలయ్యాయి. పోయినవి తాళం తిప్పే మోడళ్లే. బటన్ స్టార్ట్ కార్లలో ఇమ్మొబిలైజర్ ఉంది, అంటే తాళంలోని చిప్‌ను గుర్తుపడితేగానీ ఇంజిన్‌ను తిరగనివ్వని ఏర్పాటు. అక్కడ అమ్మిన తాళం తిప్పే కార్లలో చాలావాటికి ఆ ఖర్చు మిగుల్చుకున్నారు. 2015 మోడళ్లలో ఇతర కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ ఉంటే, ఈ రెండు కంపెనీల కార్లలో 26 శాతానికే ఉంది. స్టీరింగు కింద తొడుగు ఊడబీకి, యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పి తోలుకుపోయారు.

రోహిణి కార్తెలో రిమోట్ స్టార్ట్

మా తాతగారి అంబాసిడర్‌కు ముందు బంపరులోంచి ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పేవారు. బొటనవేలును మిగతా వేళ్ల పక్కనే ఉంచి పట్టుకోవాలి, ఇంజిన్ వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. ఆ బాధ తప్పించిన విద్యుత్ స్టార్టర్‌ను చార్లెస్ కెటెరింగ్ తయారుచేస్తే, 1912 కాడిలాక్ కార్లకు పెట్టారు. ఇప్పుడు మేడ మీద నిలబడి కింద కారును స్టార్ట్ చేస్తున్నాం. 2019 ఆగస్టులో మన పెనుకొండ దగ్గరి కర్మాగారం నుంచి బయటికి వచ్చిన కియా సెల్టోస్ పై రకాల్లోనే ఈ వసతి ఉంది.

చలిదేశాల్లో కారు వెచ్చబడటానికి పుట్టింది ఇది. మనకు చల్లబడటానికి కావాలి. 35 డిగ్రీల ఎండలో నిలిపిన కారు లోపల అరగంటలో 50 దాటిపోతుంది. రాజమండ్రి మే నెల ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందుగా ఏసీ వేసుకోవడం సుఖమే. అయినా అద్దాలన్నీ దించి ఒక నిమిషం నడిపి వేడి గాలిని వెళ్లగొట్టడం అంతకంటే చవక.

కంపెనీ ఇచ్చిన రిమోట్ స్టార్ట్ నాలుగైదు సంగతులు చూసుకున్నాకే ఇంజిన్ తిప్పుతుంది. తలుపులు మూసి తాళం పడి ఉండాలి. బానెట్ మూసి ఉండాలి, మెకానిక్ చెయ్యి ఫ్యాను దగ్గర ఉండొచ్చు కదా! ఆటోమేటిక్ అయితే గేరు పార్కింగ్‌లో ఉండాలి. స్టార్టయ్యాక కూడా లోపల తాళం ఉండి, బ్రేకు తొక్కి బటన్ నొక్కితే తప్ప బండి కదలదు. ఎవరూ రాకపోతే చాలా కార్లలో పది నిమిషాలకు తనే ఆగిపోతుంది.

నా భయమంతా బయట షాపుల్లో తీగలు కోసి బిగించే వాటితోనే. మనవాళ్లకు ఏటిగట్టు మీదా, కాలువ గట్టు వాలులోనూ బండి ఆపినప్పుడు మొదటి గేరులో ఉంచి దిగే అలవాటు. మంచి అలవాటు, హ్యాండ్‌బ్రేకు జారినా బండి దొర్లదు. గేరు ఎక్కడుందో చూడని రిమోట్ స్టార్టర్‌ను అలాంటి కారుకు బిగిస్తే, నొక్కిన మరుక్షణం కారు ముందుకు ఉరుకుతుంది. ముందు కాలువ ఉండొచ్చు, పిల్లాడు ఉండొచ్చు. క్లచ్ కారుకు బయటి స్టార్టర్ బిగించుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

చట్టం మాట కూడా వినండి. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో నిలిపిన బండి సీట్లో లైసెన్సున్న మనిషైనా ఉండాలి, లేదా ఇంజిన్ ఆపి బ్రేకు వేసి ఉండాలి, అదీ కాకుంటే బండి దానంతటది కదలకుండా మరో కట్టుదిట్టమైనా చేసి ఉండాలి. రిమోట్ స్టార్ట్ మన ఆవరణలో వాడుకోవడమే మేలు, అదీ ఆరుబయట. షట్టరు వేసిన షెడ్డులో ఎప్పుడూ వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తిప్పి తీసే తాళం లేకపోవడంతో ఇంజిన్ ఆపడం మరిచిపోయి, ఇంటికి ఆనుకున్న గ్యారేజీలోంచి విషవాయువు లోపలికి పాకి, అమెరికాలో 2006 నుంచి కనీసం 28 మంది చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ లెక్క తేల్చింది. హైబ్రిడ్ కార్లలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇంజిన్ ఆగి నిశ్శబ్దంగా ఉంటుంది, ఆపేశామనుకుని వెళ్లిపోతాం, బ్యాటరీ తగ్గగానే ఇంజిన్ తనే మొదలవుతుంది.

పిల్లలకు ఈ ఒక్కటీ నేర్పండి

2025 మే 18న ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కారు. తలుపులకు తాళం పడిపోయింది, ఊపిరాడక నలుగురూ చనిపోయారు. మన మండపేట దగ్గరి ద్వారపూడి అనుకుని ఆ రోజు మావాళ్లు ఎంతమంది ఫోన్లు చేసుకున్నారో. అది విజయనగరం పక్కనున్న ద్వారపూడి. ఏ ద్వారపూడైతేనేం, ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారు ఊరికే నిలబడి ఉన్నా తాళం వేసే ఉంచాలి, మన వాకిట్లోనైనా సరే. రిమోట్ పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకూడదు. ఇంతవరకు అందరూ చెబుతారు. పిల్లల్ని కారు దగ్గరికి తీసుకెళ్లి మరికొంత చేయించండి. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపల్నుంచి ఎంత లాగినా రావు. అందుకని ముందు సీట్లోకి ఎలా ఎక్కి రావాలో చూపించండి. ముందు తలుపు లోపలి పిడి, చాలా కార్లలో, తాళం వేసి ఉన్నా ఒకటి రెండుసార్లు లాగితే వచ్చేస్తుంది. మీ కారులో వస్తుందో లేదో పిల్లల చేతే లాగించి చూడండి. ఇంకొకటి హారను. ఎక్కువ కార్లలో ఇంజిన్ ఆపి ఉన్నా హారను మోగుతుంది. 'చిక్కుకుంటే స్టీరింగు మధ్యలో నొక్కుతూనే ఉండు, ఎవరో ఒకరు వచ్చేదాకా వదలొద్దు' అని చెప్పండి. మా మేనకోడలికి ఐదేళ్లు. మొదటిసారి దాని బలం చాల్లేదు. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, ఒంటి బరువంతా మోపి నొక్కితే మోగింది. వీధివీధంతా తిరిగి చూసింది.

రూపాయి బిళ్లంత బ్యాటరీ

చాలా స్మార్ట్ కీలలో ఉండేది సిఆర్2032 బ్యాటరీ. ఆ అంకెల్లోనే దాని కొలత ఉంది. 20 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 3.2 మిల్లీమీటర్ల మందం. మూడు వోల్టులు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగాడన్న అనుమానం వచ్చినా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి, తెల్లారేదాకా చూద్దామనుకోకండి.

పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లకూ ఒక జాగ్రత్త. మొదట్లో చెప్పుకున్న, కారులోని రాగి చుట్టలకు ఛాతీని జానెడు దూరంలో ఉంచాలి. టయోటా తన పుస్తకాల్లో 22 సెంటీమీటర్లు అని రాసింది. మీ కారు పుస్తకంలో ఆ చుట్టలు ఎక్కడెక్కడున్నాయో బొమ్మ ఉంటుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. తాళం జేబులో మరిచి గోదాట్లో మునిగేవాళ్లు ఎందరుంటారో! తడిస్తే బటన్లు నొక్కి చూడకండి. వెంటనే విప్పి బ్యాటరీ తీసేసి, అంతర్వేది దగ్గర ఉప్పునీళ్లయితే మంచినీళ్లతో ఒకసారి కడిగి, గుడ్డతో అద్ది, నీడలో గాలికి పూర్తిగా ఆరనివ్వండి. పొయ్యి దగ్గర పెట్టొద్దు.

ఈలోగా ఇంటికెలా వెళ్లాలి? స్మార్ట్ కీ పక్కన చిన్న గొళ్లెం లాంటిది ఉంటుంది, దాన్ని జరిపి లాగితే లోపల్నుంచి ఇనుప తాళంచెవి బయటికి వస్తుంది. ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లు కూడా దాన్ని ఒక్కసారీ తీసి ఉండరు. డ్రైవరు తలుపు పిడి దగ్గర దానికి కన్నం ఉంటుంది. కొన్ని కార్లలో ఆ కన్నం మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, తాళంచెవి కొసతోనే ఎగదీయాలి. తెరిస్తే అలారం మోగొచ్చు, కంగారు పడొద్దు. లోపల కూర్చుని, బ్యాటరీ లేని ఆ స్మార్ట్ కీనే స్టార్ట్ బటన్‌కు ఆనించి, ఆటోమేటిక్ అయితే బ్రేకు, క్లచ్ కారైతే క్లచ్ తొక్కి, కీతోనే బటన్‌ను నొక్కండి. కొన్ని కార్లలో దానికి వేరే చోటుంటుంది, కప్పు పెట్టుకునే గూడులోనో, మధ్య పెట్టెలోనో. తాళంలో ఇంకో చిన్న చిప్ ఉంది, దానికి బ్యాటరీతో పనే లేదు. కారులోని తీగ చుట్ట నుంచే కావలసిన కాస్త శక్తినీ తీసుకుని తన పేరు చెబుతుంది. అలారం ఆగిపోతుంది, ఇంజిన్ అందుకుంటుంది.